ఒపినెల్ చాకు పుట్టిన లోయలో

ఫ్రాన్స్ వెళ్లే మనవాళ్లు ఎక్కువగా పారిస్ చూస్తారు, ఓపికుంటే షామొనీ దాకా వెళ్లి మంచుకొండలు చూసి వచ్చేస్తారు. పనిముట్లంటే మక్కువ ఉన్నవాళ్లు మాత్రం సవోయ్ ప్రాంతంలోని షాంబెరీకి, అక్కడి నుంచి మోరియెన్ లోయకి తప్పకుండా వెళ్లాలంటాను. చెక్క పిడిలోకి మడుచుకునే ఒపినెల్ చాకు ఆ లోయలోనే పుట్టింది.

షాంబెరీ నుంచి ఆ లోయలోని సాన్ జాన్ ద మోరియెన్ ఊరికి లోకల్ రైల్లో దాదాపు గంట ప్రయాణం. సీటు రిజర్వేషన్ గొడవ లేదు, స్టేషన్లో మెషీన్ దగ్గర టికెట్ తీసుకుని ఎక్కడమే. ఆర్క్ నది పక్కనే రైలు సాగుతుంది, రెండు వైపులా నిట్టనిలువు కొండలు. ఈ రైలు మార్గానికి మన కథతో సంబంధం ఉంది. చాకు కొత్తగా వచ్చిన రోజుల్లో రైల్వే కార్మికులు ఈ చాకుని జేబులో వేసుకుని తిరుగుతూ ఊరూరా దాని పేరు మోశారు.

సాన్ జాన్ ఊళ్లో ఉన్న ఒపినెల్ మ్యూజియం చిన్నదే, ప్రవేశం ఉచితం. కానీ తీరిగ్గా చూస్తే పూట గడిచిపోతుంది. ఈ చాకు చేసిన జోసెఫ్ ఒపినెల్ తండ్రి డేనియల్ గొడ్డళ్లు, కొమ్మలు నరికే కత్తులు చేసేవాడు. పక్కనే ఉన్న ఆల్బియే గ్రామం వాళ్లది. కొడుకు జోసెఫ్‌కి 1890లో పద్దెనిమిదేళ్లు. రైతు జేబులో పట్టేలా, అందరూ కొనుక్కునేలా ఒక మడత చాకు తయారుచేశాడు. 1897కల్లా 1 నుంచి 12 దాకా నంబర్లు పెట్టి పన్నెండు సైజులు తెచ్చాడు. (1, 11 నంబర్లు తర్వాత ఆపేశారు.) యంత్రాలంటే అతనికి ప్రాణం. చాకు పిడిలో గాడి కోయడానికి సొంతంగా యంత్రం తయారుచేసుకున్నాడు. ఫొటోలు తీసే పిచ్చి కూడా ఉండేది, తన కెమెరా తనే చేసుకున్నాడు. ఈ కుర్రాడి మీద నాకు గౌరవం పెరిగింది ఇక్కడే. చాకు ఒక్కటీ చేసి ఊరుకోలేదు, దాన్ని చవగ్గా, వేలల్లో చేసే దారి కూడా వెతికాడు.

బ్లేడు మీద కిరీటం, చెయ్యి ముద్ర ఉంటాయి. ఆ ముద్ర 1909 నాటిది. సాన్ జాన్ అంటే సెయింట్ జాన్, ఆ ఊరి చిహ్నంలో బాప్తిస్మమిచ్చు యోహాను చెయ్యి ఉంది, కిరీటం సవోయ్ పాలకులది. యోహాను వేళ్లు భద్రపరిచారని చెప్పే కెథడ్రల్ దగ్గర్లోనే ఉంది. లోపల పదిహేనో శతాబ్దపు చెక్క చెక్కడాలు చూడండి, చాకు పిడి కోసం వచ్చినవాళ్లకి చెక్కపని విలువ ఇట్టే తెలుస్తుంది.

చాకుని చేత్తో పట్టుకుని చూస్తే దాని తెలివి అర్థమవుతుంది. బ్లేడు పిడిని కలిసే చోట, మన రోకలికి వేసినట్టే, ఒక ఉక్కు పొన్ను ఉంటుంది. దాని మీద ఇంకో పొన్ను తిరుగుతుంది. బ్లేడు తెరిచాక దాన్ని కొంచెం తిప్పితే బ్లేడు వేళ్ల మీదికి మడుచుకోదు. ఈ తిరిగే పొన్ను 1955లో జోసెఫ్ కొడుకు మార్సెల్ పెట్టింది, దాని పేరు విరోబ్లాక్. తడికి చెక్క ఉబ్బి బ్లేడు బయటికి రాకపోతే పిడి వెనక చివరని బల్ల మీద టక్కున కొడతారు, బ్లేడు మొన బయటికి వస్తుంది. దీన్ని సవోయ్ వాళ్ల దెబ్బ అంటారు. కంపెనీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో షాంబెరీ పక్కన కొన్యాన్‌కి మారింది, 1926లో ఫ్యాక్టరీ కాలిపోతే మళ్లీ కట్టుకున్నారు. ఈనాటికీ అది ఒపినెల్ కుటుంబం చేతుల్లోనే ఉంది.

బస సంగతి. లోయలో మేం దిగిన గెస్ట్ హౌస్ గది శుభ్రంగానే ఉంది, కానీ రిసెప్షన్ సాయంత్రమే మూసేసి వెళ్లిపోయారు. తలుపు కోడ్ మెసేజ్ వచ్చేదాకా చలిలో లగేజీతో నిలబడ్డాం, పిల్లలతో పెద్ద టెన్షన్. క్రువా ద ఫెర్ కనుమ ఎక్కే సైకిలిస్టులకి సాన్ జాన్‌లో ఉండడమే మేలు. మిగతావాళ్లు షాంబెరీలో దిగి పొద్దున వెళ్లి సాయంత్రం రావడం మంచిది. మధ్యాహ్నం రెండు దాటితే లోయలో వంటశాలలు మూసేస్తారు, ఆలస్యం చేస్తే బేకరీ రొట్టే గతి. శాకాహారులు తార్తిఫ్లెట్ అనే బంగాళాదుంప, చీజ్ వంటకం అడిగేముందు ఆగండి, అందులో పంది మాంసం ముక్కలు వేస్తారు. చీజ్ వేసి చేసే చదరపు క్రొజే పాస్తా రుచిగా ఉంటుంది, మాంసం లేకుండా అని చెప్పి తీసుకోవాలి. ఇక్కడి బోఫోర్ చీజ్‌లో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసే రెనెట్ వాడతారని కఠిన శాకాహారులు గుర్తుంచుకోండి.

షాంబెరీలో ఏనుగుల ఫౌంటెన్ మనకి ప్రత్యేకం. ఈ ఊళ్లో పుట్టిన బెన్వా ద బువాన్య్ మద్రాసులో ఈస్ట్ ఇండియా కంపెనీ సైన్యంలో కొంతకాలం చేసి, తర్వాత మరాఠా పాలకుడు మహాద్‌జీ సింధియా దగ్గర సేనాని అయ్యాడు. సంపాదించిన డబ్బులో చాలా భాగం తన ఊరి కోసమే ఖర్చుపెట్టాడు. 1838లో అతని పేరు మీద కట్టిన ఫౌంటెన్‌లో నాలుగు ఏనుగుల ముందు భాగాలే ఉంటాయి.

కొనేటప్పుడు ఎనిమిదో నంబరు చాలు, బ్లేడు 8.5 సెంటీమీటర్లు. వంటింట్లో వాడేవాళ్లు స్టెయిన్‌లెస్ తీసుకోండి. కార్బన్ స్టీల్ సాన తేలిగ్గా పడుతుంది గానీ నిమ్మకాయ కోసి తుడవకపోతే నల్లబడుతుంది. పిల్లలకి మొన గుండ్రంగా ఉండే రకం దొరుకుతుంది. ఏది కొన్నా చెకిన్ బ్యాగులోనే పెట్టండి, చేతి బ్యాగులో ఉంటే సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటారు.