కొన్నేళ్లుగా వాడుతున్న రీసైక్లింగ్ సేకరణ కేంద్రం: ఏది పనికొచ్చింది, ఏది రాలేదు

మా ఇంట్లో పోగయ్యే కాగితం, గాజు, లోహం, ప్లాస్టిక్‌లను కొన్నేళ్లుగా నేనే స్వయంగా సేకరణ కేంద్రానికి తీసుకెళ్లి వేస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టిన ఉత్సాహంలో రాస్తున్న మాటలు కావివి. అక్కడ ఏ తొట్టి నిజంగా పనిచేస్తుందో, ఏది పేరుకే ఉందో తెలిసిన తర్వాత రాస్తున్నాను. ముందే తేల్చి చెబుతాను. గాజు, లోహం, అట్టపెట్టెలు, బ్యాటరీల విషయంలో ఈ పద్ధతిని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. ప్లాస్టిక్ విషయంలో సగమే మెచ్చుకోగలను. అయితే మనం మోసుకెళ్లిన సరుకు మళ్లీ వస్తువుగా మారుతుందా, చెత్తగుట్టలో కలుస్తుందా అన్నది చాలావరకు ఇంట్లో వేరు చేసేటప్పుడే తేలిపోతుంది.

అన్నీ కలిపి ఒకే బండిలో ఎత్తుకెళ్లే పద్ధతిలో దారిలోనే సీసాలు పగిలి, ఆ గాజు పెంకులు కాగితంలో గుచ్చుకుంటాయి. డబ్బాల అడుగున మిగిలిన ద్రవం అట్టలను తడిపేస్తుంది. అలా కలిసిపోయిన దాన్ని తర్వాత విడదీయడానికి యంత్రాలు, మనుషులు ఎంత శ్రమించినా కొంత పాడైపోక తప్పదు. కల్తీ ఎంత పెద్ద సమస్యో ప్రపంచానికి గట్టిగా తెలిసింది 2018లో. ఆ ఏడాది చైనా ఇళ్ల చెత్త నుంచి వచ్చే ప్లాస్టిక్ దిగుమతిని నిషేధించి, తాను తీసుకునే చాలా రకాల తుక్కులో కల్తీ 0.5 శాతం దాటకూడదని నిబంధన పెట్టింది. అప్పటిదాకా ఓడలెక్కి వెళ్లిపోయిన మురికి సరుకును కొనేవారు కరువయ్యారు. సేకరణ కేంద్రంలో తొట్టికొక రకం చొప్పున వేయడంలోని విలువ అక్కడే ఉంది. ఒక రకంతో మరో రకం మొదటే కలవదు.

గాజుతో మొదలుపెడతాను, ఎందుకంటే కేంద్రం గొప్పతనం బాగా కనిపించేది అక్కడే. తెల్లవి, ఆకుపచ్చవి, గోధుమ రంగువి వేర్వేరు తొట్లలో వేయమంటారు. కరిగిన గాజులోంచి రంగును తీసేయడం కుదరదు కాబట్టి తెల్ల సీసాల్లో ఆకుపచ్చవి కలిస్తే ఆ గాజుతో మళ్లీ తెల్ల సీసా చేయలేరు. ఇది అందరికీ త్వరగానే అర్థమవుతుంది. అర్థం కానిది పింగాణీ సంగతి. ఒకసారి నా కళ్ల ముందే ఒకరు పగిలిన పింగాణీ కప్పును తెల్ల గాజు తొట్టిలో వేయబోతుంటే అక్కడ పనిచేసే పెద్దాయన చెయ్యి అడ్డుపెట్టి, "అది ఇటివ్వండమ్మా, ఇది గాజు కాదు" అని తీసుకుని పక్కన పెట్టారు. ఆమె నొచ్చుకోకుండా ఎందుకని అడిగితే, ఆయన ఓపికగా చెప్పారు. సీసాల గాజు కరిగే వేడికి పింగాణీ కరగదు. చిన్న పెంకు అయినా కొత్త సీసా గోడలో రాయిలా మిగిలిపోతుంది. ఆ సీసాలో ఒత్తిడితో ద్రవం నింపినప్పుడు సరిగ్గా అక్కడే బీట వారుతుంది.

పొయ్యి వేడిని తట్టుకునే గాజు పాత్రలు, అద్దాలు, కిటికీ పలకలు కూడా సీసాల తొట్టిలోకి వెళ్లకూడదు. చూపుకు అన్నీ గాజే అయినా వాటి కూర్పు వేరు, మెత్తబడే ఉష్ణోగ్రత వేరు. సరిగా వేరు చేసిన గాజు మాత్రం ఎన్నిసార్లు కరిగించినా నాణ్యత తగ్గదు. కొలిమిలో వేసే ముడిసరుకులో పాత గాజు వాటా 10 శాతం పెరిగిన ప్రతిసారీ ఇంధనం సుమారు 2.5 నుంచి 3 శాతం ఆదా అవుతుంది. బరువైన సంచి మోసుకెళ్లడానికి నాకు ఈ ఒక్క లెక్క చాలు.

లోహం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చిన్న అయస్కాంతం ఒకటి దగ్గర ఉంచుకుంటే పని తేలిక. అంటుకుంటే ఉక్కు రేకు డబ్బా, అంటుకోకపోతే దాదాపుగా అల్యూమినియం. తుక్కు నుంచి అల్యూమినియం తీయడానికి, ఖనిజం నుంచి తీయడానికి పట్టే శక్తిలో ఇంచుమించు 5 శాతం సరిపోతుంది. అందుకే ఖాళీ అల్యూమినియం డబ్బా ఒక్కటి కూడా మామూలు చెత్తలో పడకుండా చూస్తాను. పల్చటి అల్యూమినియం కాగితాన్ని ముక్కలుగా వేస్తే వేరు చేసే చోట జారిపోతుంది. శుభ్రంగా తుడిచి, పోగుచేసి, పెద్ద ఉండగా చుట్టి వేయాలి. నలిపి వదిలితే నలిగినట్టే ఉండిపోయేది అల్యూమినియం. తిరిగి విచ్చుకుంటే అది లోహపు పూత పూసిన ప్లాస్టిక్, ఆ తొట్టికి పనికిరాదు. పిచికారీ డబ్బాలైతే పూర్తిగా ఖాళీ చేసి ఇవ్వాలి, వాటికి చిల్లులు మాత్రం పొడవకూడదు.

కాగితంలో అట్టపెట్టెలదే అగ్రస్థానం. విప్పి చదును చేసి వేస్తే తొట్టిలో చోటు మిగులుతుంది. చదును చేయని నాలుగు పెట్టెలు చాలు తొట్టి నిండిపోయిందని అందరినీ వెనక్కి పంపడానికి. జిడ్డు పీల్చుకున్న అట్టను తీసుకోరు, ఎందుకంటే కాగితాన్ని గుజ్జుగా మార్చేది నీళ్లతోనే, ఆ నీళ్లలో నూనె విడిపోకుండా నారను పట్టుకుని ఉంటుంది. అలాంటి పెట్టెలో శుభ్రంగా ఉన్న మూతను చింపి వేస్తాను, జిడ్డు భాగాన్ని వదిలేస్తాను. దుకాణాల్లో ఇచ్చే నున్నటి రసీదులను గోటితో గీస్తే నల్లటి చార పడుతుంది. వేడికి రంగు మారే రసాయన పూత ఉంది కాబట్టే అలా జరుగుతుంది, వాటిని కాగితాల్లో కలపకూడదు. చేతులు తుడుచుకునే మెత్తటి కాగితం కూడా వద్దు. దాని నార అప్పటికే పొట్టిగా ఉంటుంది. మామూలు కాగితపు నార అయిదారుసార్లు తిరిగి వాడకంలోకి వచ్చేసరికి బలం కోల్పోతుంది.

ఇక ప్లాస్టిక్. నా అసంతృప్తి అంతా ఇక్కడే. అడుగున త్రికోణంలో కనిపించే 1 నుంచి 7 వరకు అంకెలను చూసి చాలామంది ఇది రీసైకిల్ అవుతుందని ప్రభుత్వమో, కంపెనీయో హామీ ఇచ్చిందనుకుంటారు. 1988లో అమెరికాలోని ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం ఆ అంకెలను తెచ్చింది. ఏ రకం ప్లాస్టిక్కో గుర్తించడానికే తప్ప వాటికి మరో అర్థం లేదు. త్రికోణం చుట్టూ తిరిగే బాణాలు అపోహ పెంచుతున్నాయని 2013లో ఆ ప్రమాణాన్ని మార్చి, బాణాల బదులు మామూలు త్రికోణం పెట్టారు. పాత గుర్తు మాత్రం ఇప్పటికీ ఎక్కడ చూసినా కనిపిస్తూనే ఉంది. నా అనుభవంలో 1 అంకె ఉన్న నీళ్ల సీసాలను, 2 అంకె ఉన్న షాంపూ, డిటర్జెంట్ డబ్బాలను నిశ్చింతగా వేయవచ్చు. 5 అంకెవాటిని కొన్ని కేంద్రాలు తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. 3 అంకె ఉన్నది పీవీసీ. అది 1 అంకె సీసాల్లో కొద్దిగా కలిసినా కరిగించే వేడికి ఆమ్లం విడుదల చేసి మొత్తం సరుకును పాడుచేస్తుంది. నల్లటి ప్లాస్టిక్ డబ్బాలకు మరో చిక్కుంది. వేరు చేసే యంత్రాలు వాడే పరారుణ కాంతిని వాటిలోని నల్ల రంగు పీల్చేసుకోవడంతో యంత్రానికి అవి కనబడవు.

పల్చటి క్యారీ బ్యాగులను డబ్బాల తొట్టిలో వేయకండి. వేరు చేసే యంత్రాల్లో తిరిగే ఇరుసులకు అవి చుట్టుకుంటాయి. అప్పుడు యంత్రం ఆపి, మనుషులు లోపలికి దిగి కత్తులతో కోసి తీయాలి. డబ్బాలను సంచిలో మూటకట్టి అలాగే విసిరేసే వాళ్లను చూసినప్పుడు నాకు ముందుగా ఆ దిగేవాళ్లే గుర్తొస్తారు. "ఏమో, తీసుకుంటారేమో" అని అనుమానంగా ఉన్నదాన్ని తొట్టిలో పడేయడం మంచి మనసుతో చేసే పనే. దాని ఫలితం మాత్రం మంచిగా ఉండదు. అనుమానం ఉంటే అడగాలి, అడగడానికి ఎవరూ లేకపోతే వెనక్కి తెచ్చుకోవాలి.

ఇంట్లో దీనికి పెద్ద ఏర్పాట్లేమీ లేవు. గాజుకు ఒకటి, లోహానికి ఒకటి, ప్లాస్టిక్‌కు ఒకటి బుట్టలు, అట్టలకు గోడవార కొంచెం చోటు. డబ్బాలను గిన్నెలు కడిగాక మిగిలిన నీళ్లతో తొలిచి బోర్లిస్తాను. తళతళలాడేలా తోమనక్కర్లేదు, అడుగున ఏమీ మిగలకుండా ఆరితే చాలు. కేంద్రానికి ప్రత్యేకంగా బండి వేసుకుని వెళ్లడం నాకు ఇష్టం ఉండదు. నాలుగు సీసాల కోసం ఇంధనం తగలేస్తే మిగిలేదేమిటి? బుట్టలు నిండాక, వేరే పని మీద అటు వెళ్లే రోజున తీసుకెళ్తాను.

నన్ను అడిగితే, ఈ కేంద్రాలు మరేమీ చేయకపోయినా బ్యాటరీలు, బల్బులు తీసుకోవడం ఒక్కటి చేసినా వాటి ఉనికి సార్థకమే. లిథియం బ్యాటరీ మామూలు చెత్తలో పడి లారీలో నలిగితే నిప్పంటుకుంటుంది. చుట్టూ కాగితం, ప్లాస్టిక్ ఉన్నచోట ఆ మంటను ఆపడం చాలా కష్టం. అందుకే వాడేసిన ప్రతి బ్యాటరీకి రెండు కొసల మీదా చిన్న టేపు ముక్క అతికించి, లోహం తగలని పొడి డబ్బాలో వేసి ఉంచుతాను. ధ్రువాలు ఒకదానికొకటి తగలకుండా చూడటమే దీని ఉద్దేశం. ఫోను బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే నొక్కకూడదు, గుచ్చకూడదు, మిగతావాటితో కలపకూడదు, నేరుగా సిబ్బంది చేతికే ఇచ్చి చెప్పాలి. సీఎఫ్‌ఎల్ బల్బుల్లో, ట్యూబ్‌లైట్లలో కొద్దిగా పాదరసం ఉంటుంది కనుక అవి పగలకుండా అట్టలో చుట్టి తీసుకెళ్తాను.

లోపాలు కూడా చెప్పాలి. అట్టల తొట్టికి పైకప్పు లేని చోట ఒక్క వానకే సరుకంతా ముద్దవుతుంది. ఏది ఎక్కడ వేయాలో చెప్పే బోర్డు చాలాసార్లు గేటు దగ్గరుంటుంది. తొట్టి ముందు నిలబడి చేతిలో వస్తువు పట్టుకున్నప్పుడే కదా ఆ సమాచారం కావాలి! తొట్లు నిండి ఉంటే కొందరు సంచులు పక్కన నేల మీద వదిలేసి వెళ్తారు. మరుసటి రోజుకల్లా అక్కడ గుట్ట తయారవుతుంది. వాహనం లేనివారికి, వయసు పైబడినవారికి గాజు సంచి మోయడం నిజంగా కష్టం. మా పక్కింటి పెద్దావిడ సీసాలు కూడా నాతోనే వెళ్తుంటాయి. ఇక తీసుకున్న సరుకు చివరికి ఎక్కడికి చేరుతుందని అడిగితే గాజు, లోహం విషయంలో సూటిగా జవాబొచ్చింది. ప్లాస్టిక్ విషయంలో మాత్రం "పైవాళ్లు చూసుకుంటారు" అన్నారు. ప్రజలు ఇంత శ్రమపడి వేరుచేసి తెస్తున్నప్పుడు ఏ రకం ఎక్కడికి పోతోందో తొట్టి మీదే రాసిపెట్టడం నిర్వాహకుల బాధ్యత. ఈ విషయంలో వాళ్లను నేను వదలదలచుకోలేదు. వెళ్లినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను.

మీరు కొత్తగా మొదలుపెట్టాలనుకుంటే అన్నీ ఒకేసారి తలకెత్తుకోకండి. ముందు బ్యాటరీలు, తర్వాత గాజు, లోహం. ఆ మూడూ అలవాటయ్యాక అట్టలు. ప్లాస్టిక్‌ను చివరికి ఉంచండి. మీ కేంద్రం ఏ అంకెలను తీసుకుంటుందో అక్కడి సిబ్బందిని స్వయంగా అడిగి, ఆ అంకెలను బుట్ట మీద రాసి అతికించండి. కొన్ని నెలలకోసారి మళ్లీ అడిగి సరిచూసుకోండి, ఆ జాబితా మారుతూ ఉంటుంది.