మా కనూ వయసు తేల్చిన సీరియల్ నంబర్ సేవ

పోయిన ఆగస్టులో అమెరికాలోని మెయిన్ రాష్ట్రం వెళ్ళొస్తూ దారిలో ఒక పాత సామాన్ల షాపులో చెక్క కనూ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) కొన్నాం, 400 డాలర్లకి. ఇది 1900 కంటే ముందుదని షాపాయన గట్టిగా చెప్పాడు. నాషువాలో మా గ్యారేజీకి తెచ్చి చూస్తే సీటు స్క్రూల తలల మీద ప్లస్ గాడి ఉంది. ఆ రకం స్క్రూలు 1930ల మధ్యలో గానీ రాలేదు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. మాది కైకలూరు. కొల్లేట్లో తాటి దోనె మీద పెరిగాను. మా దోనె ఎప్పుడు తొలిపించారంటే అమ్మ "నువ్వు పుట్టిన ఏడు, వరద తగ్గాక" అని టక్కున చెప్పేది. ఈ కనూ గురించి అలా చెప్పేవాళ్ళు ఎవరూ లేరే అని బాధేసింది.

చెప్పేవాళ్ళు ఉన్నారు. పాత చెక్క కనూల సంఘం, వుడెన్ కనూ హెరిటేజ్ అసోసియేషన్ వాలంటీర్లు. నేను వాడిన సేవ వాళ్ళదే.

మెయిన్‌లో పెనాబ్‌స్కాట్ నది ఒడ్డున ఓల్డ్ టౌన్ అనే ఊరుంది. ఊరి ఎదురుగా నదిలో దీవి మీద పెనాబ్‌స్కాట్ అనే ఆదివాసీ తెగవాళ్ళు ఉంటారు. వాళ్ళు బర్చ్ చెట్టు బెరడుతో చేసే కనూ రూపాన్నే తీసుకుని, బెరడు బదులు సీడర్ చెక్క పలకల మీద కాన్వాస్ గుడ్డ సాగదీసి బిగించి చేసినవి ఈ కనూలు. ఓల్డ్ టౌన్ కనూ కంపెనీ తను చేసిన ఒక్కొక్కదానికీ ఒక కార్డు రాసి దాచింది. సుమారు 1906 నుంచి కార్డులున్నాయి. వాలంటీర్లు వాటిని స్కాన్ చేసి పెట్టుకున్నారు. కనూ మీదున్న సీరియల్ నంబరు పంపితే మీ కార్డు వెతికి పెడతారు. పైసా తీసుకోరు.

ఆ నంబరు పట్టుకోవడమే కష్టం. కనూ రెండు కొసల్లోనూ లోపల, ముక్కు కర్ర అడుగుభాగంలో గుద్ది ఉంటుంది. మా దాని మీద వార్నిష్ నల్లగా అట్ట కట్టేసింది. గరుకు కాగితం పెట్టొద్దని ముందే చెప్పారు, అంకెలే అరిగిపోతాయట. వార్నిష్ కరిగించే మందు పాత టూత్‌బ్రష్‌తో కొద్దికొద్దిగా రాశాను. తర్వాత లైటార్పి టార్చి పక్కవాటుగా పెడితే అంకెల గుంటల్లో నీడ పడింది. ఐదంకెలు, కాస్త ఎడంగా 16. ఆ 16 పొడవు, అడుగుల్లో.

పంపిన రెండో రోజే జవాబొచ్చింది: ఈ నంబరుది 17 అడుగుల కనూ, మీది 16 అంటున్నారు, రెండో కొస కూడా చూడండి అని. చూశాను. నేను 3 అనుకున్నది 8! ఇక్కడే వాళ్ళమీద గురి కుదిరింది. దొరికిన కార్డు అంటగట్టి పంపేయొచ్చు, కానీ అలా చేయలేదు.

సరైన కార్డు వచ్చిన రాత్రి నిద్ర పట్టలేదు. హెచ్‌డబ్ల్యూ (హెవీ వాటర్) మోడల్, సీఎస్ (కామన్ సెన్స్) గ్రేడ్, ఎర్ర సీడర్ పలకలు, స్ప్రూస్ చెక్క అంచులు, ముదురాకుపచ్చ రంగు. పలకలు ఎప్పుడు కొట్టారో, కాన్వాస్ ఎప్పుడెక్కించారో, దేనికదే తేదీ. 1924 మేలో రైలెక్కి మసాచుసెట్స్‌లోని వుస్టర్ వెళ్ళింది. కార్డు మీద పొడి అక్షరాలు నాకు అర్థం కాకపోతే ఒక్కొక్కటీ ఓపిగ్గా విడమర్చి చెప్పారు. ప్లస్ స్క్రూలంటారా, సీటు తర్వాతెవరో మార్చారు. అదే గాడి చూసి నేను 1940ల కనూ అనుకున్నాను. షాపాయన మాటా తప్పే, నా లెక్కా తప్పే.

ఒక్క సంగతి తెలుసుకుని వెళ్ళండి. ఈ వెతుకులాట ముఖ్యంగా ఓల్డ్ టౌన్ కనూలకి. కెనెబెక్ లాంటి ఒకటి రెండు కంపెనీల రికార్డులు కూడా మిగిలాయి. కెనడాలో చెస్ట్‌నట్ అనే కంపెనీ చేసిన కనూ అయితే ఇలా తేదీతో సహా చెప్పే కార్డు ఉండదు. అంచులూ, ముక్కు వంపూ, సీట్లూ చూసి అంచనా వేయాల్సిందే. అందుకు ఫొటోలు కావాలి.

నంబరు రెండు కొసల్లోనూ చదవండి. టేపు పెట్టి పొడవు కొలిచి అదీ రాయండి. మా కనూకి మూడు అడ్డబద్దలు విరిగున్నాయి, కాన్వాస్ మార్చాలి. రంగు మాత్రం కార్డులో ఉన్న ముదురాకుపచ్చే వేయిస్తున్నాం.