ఎడిసనా, బ్రెయిలా: పిల్లలకు ముందు ఏ బొమ్మల పుస్తకం?

మా అమ్మాయి రెండో తరగతి. ఆవిష్కర్తల చిన్నతనం మీద వచ్చిన బొమ్మల పుస్తకాల్లో రెండు మా ఇంట్లో అట్టలు ఊడిపోయేదాకా నలిగాయి. ఒకటి థామస్ ఎడిసన్‌ది, రెండోది చూపులేనివాళ్లు వేలితో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల లిపిని కనిపెట్టిన లూయీ బ్రెయిల్‌ది. ఒక్కటే కొనాలంటే ఏది కొనమంటావని మా చెల్లెలు అడిగింది. వాళ్ల బాబుకి 6 ఏళ్లు.

ఎడిసన్ కథలో బొమ్మలకు కొదవే లేదు. 12 ఏళ్లకే అమెరికాలో పోర్ట్ హ్యూరన్ నుంచి డెట్రాయిట్ వెళ్లే రైల్లో పేపర్లు, మిఠాయిలు అమ్మాడు. సామాన్ల బోగీలో ఓ మూల సీసాలు పేర్చుకుని ప్రయోగాలు చేశాడు, ఒకరోజు భాస్వరం కిందపడి మంటలు లేచాయి. స్టేషన్ మాస్టర్ కొడుకుని పట్టాల మీంచి లాగి కాపాడితే, ఆయన టెలిగ్రాఫ్ నేర్పాడు. 4 ఏళ్ల పిల్లలైనా నోరు తెరుచుకుని వింటారు.

కానీ కొనేముందు ఒక పేజీ చూడండి. టీచర్ రాసిన ఉత్తరాన్ని తల్లి మార్చి చదివి, 'మీవాడు మేధావి' అని చెప్పిందనే కథ వాట్సాప్‌లో తెగ తిరుగుతుంది. అది కల్పితం. టీచర్ తనను మందబుద్ధి అన్న మాట తన చెవినే పడిందనీ, అమ్మ తన పక్షాన నిలబడిందనీ ఎడిసనే చెప్పుకున్నాడు. అమ్మ నాన్సీ బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెప్పింది. నిజమే ఇంత బాగుంటే అబద్ధం ఎందుకు? ఇంకో లోటు ఏంటంటే, గొంతును రికార్డు చేసి తిరిగి వినిపించే ఆయన ఫోనోగ్రాఫ్ 1877లో వచ్చింది, అప్పటికి ఆయనకు 30 ఏళ్లు. బాల్యం ఒకచోట, ఆవిష్కరణ ఇంకోచోట.

బ్రెయిల్ విషయంలో రెండూ ఒకటే. 1809లో పారిస్ దగ్గర కూప్‌వ్రే ఊళ్లో పుట్టాడు. నాన్న గుర్రపు జీనులు కుట్టేవాడు. 3 ఏళ్లప్పుడు, తోలుకు చిల్లులు పెట్టే ఆర కంట్లో గుచ్చుకుంది. చీము రెండో కంటికీ పాకి, 5 ఏళ్లకల్లా చూపు పూర్తిగా పోయింది. ఆ పేజీ రాగానే మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అందుకే 5 ఏళ్లలోపు పిల్లలకి ఈ పుస్తకం వద్దంటాను, వాళ్లకి ఎడిసనే నయం.

10 ఏళ్లకు పారిస్‌లో అంధుల బడిలో చేరాడు. సైన్యంలో పనిచేసిన బార్బియే 12 చుక్కల లిపి ఒకటి తయారుచేశాడు, కానీ అన్ని చుక్కలు ఒక్క వేలికొస కింద ఇమిడేవి కావు. దాన్ని 6 చుక్కలకు కుదించి 15 ఏళ్లకే తన లిపి కట్టాడు బ్రెయిల్. అంటే ఇక్కడ కనిపెట్టింది పిల్లవాడే! మా అమ్మాయిని పట్టేసింది కూడా అదే.

మన తెలుగూ ఆ 6 చుక్కల్లోనే రాస్తారు. గడికి రెండు నిలువు వరసలు, వరసకు మూడు చుక్కలు. అట్టముక్క మీద జిగురుతో ఆవాలు అంటించాం. ఎడమవైపు పైన ఒక్క ఆవగింజ పెడితే 'అ'. పక్క గడిలో ఎడమ వరసలో మూడూ నిలువుగా పెడితే 'ల'. కళ్లు మూసుకుని వేలితో మెల్లగా తడిమి, "అల!" అని అరిచింది.

చెల్లెలికి బ్రెయిల్ పుస్తకమే పంపాను. ఆ అట్టముక్క కూడా లోపల పెట్టాను.