ఫోర్ట్‌వర్త్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో ఫంక్షన్: ఎవరికి బాగుంటుంది, ఎవరికి వద్దు

డల్లాస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళం ఫంక్షన్ అనగానే బాంక్వెట్ హాల్ అయినా చూస్తాం, గుడి హాల్ అయినా చూస్తాం, అంతకుమించి ఆలోచించం. మామయ్యగారి షష్టిపూర్తికి మేం ఫోర్ట్‌వర్త్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం తీసుకున్నాం. హోమం, పూజ అన్నీ పొద్దున్నే ఇంట్లో అయిపోయాయి, సాయంత్రం భోజనాలు మాత్రం అక్కడ. డెబ్బై ఎనభై మంది లోపు ఫంక్షన్ అయితే ఈ ఏరియాలో నాకు ఇంతకంటే నచ్చిన చోటు లేదు. నాలుగొందల మందిని పిలిచే ఉద్దేశం ఉంటే మాత్రం వద్దనే చెప్తాను, ఎందుకో కింద రాస్తున్నా.

ముందు ఆ బిల్డింగ్ గురించి చెప్పాలి, ఎందుకంటే మీరు డబ్బులు కట్టేది దానికే. కట్టింది జపాన్ ఆర్కిటెక్ట్ తడావో అండో. ఆయన ఏ కాలేజీలోనూ ఆర్కిటెక్చర్ చదవలేదు, కుర్రతనంలో బాక్సింగ్ చేశాడు, తర్వాత సొంతంగా నేర్చుకుని 1995లో ఆర్కిటెక్చర్‌కి ఇచ్చే పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ ప్రైజ్ కొట్టాడు. ఈ మ్యూజియం 2002 డిసెంబర్‌లో తెరిచారు. ఎకరంన్నర కొలను, దాని ఒడ్డునే పొడుగ్గా కాంక్రీటు, గాజు పెవిలియన్లు, వై అక్షరం ఆకారంలో 40 అడుగుల స్తంభాలు. లాబీలోకి రాగానే ఎదురుగా నిలువెత్తు అద్దాలు, వాటి అవతల నీళ్ళు, ఇంక వేరే ఏమీ లేదు. పొద్దు వాలాక లోపలి లైట్లన్నీ ఆ నీళ్ళల్లో పడతాయి, కార్తీకమాసంలో కోనేట్లో వదిలిన దీపాల్లా ఉంటుంది చూడ్డానికి. వచ్చినవాళ్ళు ప్లేట్లు పట్టుకుని అందరూ అద్దాల వైపే జరిగిపోయారు, కుర్చీలు ఖాళీ.

మామయ్యగారు ఆర్ అండ్ బీలో ఇంజినీరు. మేం బొమ్మల గురించి చెబుతుంటే ఊ కొడుతున్నారు గానీ ఆయన చూపంతా గోడ మీదే ఉంది. చివరికి నన్ను పిలిచి, "చూడమ్మా, దీనికి ప్లాస్టరింగ్ లేదు, సెంట్రింగ్ విప్పాక ఎలా వచ్చిందో అలాగే వదిలేశారు, ఎక్కడా ఒక్క హనీకోంబ్ లేదు" అన్నారు, అంటే కాంక్రీటు సరిగ్గా నిండక పడే బొక్కలు. గోడ మీద వరసగా గుండ్రటి గుంటలు కనిపిస్తాయి, నేను డిజైన్ అనుకున్నాను, అవి షట్టరింగ్ ప్లేట్లని కదలకుండా బిగించే టై రాడ్ల గుర్తులట. మన దగ్గర వాటిని సిమెంట్‌తో పూడ్చేస్తాం, ఇక్కడ లెక్కగా వరస కుదిరేలా పోసి కనపడేట్టు ఉంచారు, ఇలా పోయాలంటే మేస్త్రీ నుంచి కాంక్రీటు కుదించే వైబ్రేటర్ పట్టుకునే కుర్రాడి దాకా అందరికీ ఒళ్ళు దగ్గరుండాలి అని చాలాసేపు చెప్పారు. అరవయ్యో ఏట ఆయనకి మేమిచ్చిన వాటిల్లో ఈ గోడే బాగా నచ్చిందని నా నమ్మకం.

ఇప్పుడు డెకరేషన్. దయచేసి పెట్టకండి. టేబుల్ మీద చిన్న పూలగుత్తి చాలు. బెలూన్ ఆర్చ్, ఎల్‌ఈడీ అక్షరాలు, పూల గోడ, ఇవన్నీ ఆ గాజుకీ నీళ్ళకీ అడ్డం పడటం తప్ప ఇంకెందుకూ పనికిరావు. మేం మాట్లాడుకున్న డెకరేటర్‌కి నిప్పు వద్దు, విడిపూలు వద్దు అని మెసేజ్ పెట్టి మరీ చెప్పినా సరిగ్గా ఆ సాయంత్రం కొవ్వొత్తుల పెట్టె, బంతిరేకుల సంచి రెండూ దింపాడు, "ఎవరూ చూడరు మేడమ్" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. రెండూ తిరిగి వ్యాన్ ఎక్కించాం, బ్యాటరీ దీపాలు పెట్టుకున్నాం. మనం చేసే ఇలాంటి పనుల వల్లే తర్వాత అడిగే మనవాళ్ళకి ఇబ్బంది వస్తుంది.

ఈ రూల్స్ ఏ ఆర్ట్ మ్యూజియంలో అయినా కాస్త అటూ ఇటుగా ఒకటే, ఒక్కోదానికీ కారణం ఉంది. మంట అంటే ఫైర్ ఒక్కటే కాదు, పొగలో మసి, నూనె ఆవిరి కాన్వాస్ మీద పేరుకుంటాయి, తుడిస్తే పోయేవి కావు. సాంబ్రాణి కూడా అదే లెక్క. పూలతో, కుండీ మట్టితో పురుగు లోపలికొస్తుంది, అది కాగితాన్నీ చెక్కనీ బట్టనీ తింటుంది. పసుపు, కుంకుమ, రంగులపొడి సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, మన పట్టుచీర మీద పడితేనే ఏడుస్తాం. గ్యాలరీల్లోకి తిండి, గ్లాసులు రానివ్వరు, అదీ పురుగు గురించీ, ఒలికిపోతుందనీ. కాబట్టి దీపారాధన, హారతి, ముగ్గు ఉండే కార్యక్రమం ఏదైనా సరే ఇంట్లోనో గుళ్ళోనో చేసుకుని రండి, అలా విడదీస్తే పెద్దవాళ్ళకీ వెలితి ఉండదు.

సౌండ్ గురించి ఎవరూ ముందు చెప్పరు. కాంక్రీటు, గాజు, ఎత్తైన సీలింగ్, శబ్దం ఎక్కడా ఇంకదు, తిరిగి తిరిగి మీదకే వస్తుంది. డీజే పెట్టారనుకోండి మాట అర్థం కాదు, మైకులో ప్రసంగాలు కూడా నిదానంగా మాట్లాడితేనే వినపడతాయి. మా ఆడపడుచు కూతురు వయొలిన్ వాయించింది, ఆంప్లిఫయర్ లేకుండానే, హాలంతా నిండిపోయింది. వీణ, వేణువు, వయొలిన్ ఇలాంటివి పెట్టుకోండి, డప్పుకీ డాన్సుకీ వేరే హాలు చూసుకోండి.

మేం చేసినవాటిల్లో అందరూ మెచ్చుకున్నది టైమింగ్. మ్యూజియం మామూలుగా సాయంత్రం 5కి మూసేస్తారు, ప్రైవేట్ ఈవెంట్లు ఆ తర్వాతే. రాత్రిపూట గ్యాలరీలు తెరిపించడమంటే ఎక్కడైనా విడిగా మాట్లాడుకోవాల్సిన విషయం, గార్డులు కావాలి, ఖర్చు పెరుగుతుంది. అందుకని మేం ఇన్విటేషన్‌లోనే మధ్యాహ్నం మూడున్నరకి రమ్మని వేసి, టికెట్లు మేమే కొనేసి, ముందు అందర్నీ మామూలు విజిటర్స్‌లాగా లోపల తిప్పాం. తిన్నాక చూద్దాంలే అంటే ఎవరూ చూడరు.

అత్తయ్యగారు జిల్లా పరిషత్ స్కూల్లో టీచర్‌గా చేశారు. లోపల శిల్పి మార్టిన్ ప్యూరియర్ చేసిన చెక్క నిచ్చెన ఒకటుంది, 1996 నాటిది, 36 అడుగులు, గాల్లో వేలాడదీసి ఉంటుంది, కింద మామూలు వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నబడి చివర అంగుళం అంత అయిపోతుంది, దాంతో అది ఉన్నదానికంటే ఇంకా ఎంతో దూరం పోయినట్టు కనపడుతుంది. దాని పేరు 'ల్యాడర్ ఫర్ బుకర్ టి. వాషింగ్టన్'. ఆ వాషింగ్టన్ బానిసగా పుట్టి, 1881లో టస్కెగీలో నల్లవాళ్ళ కోసం మొదలైన బడికి మొదటి హెడ్ అయ్యాడు. ఇంత చెప్పేసరికి అత్తయ్యగారు అక్కడే ఆగిపోయారు, "మా పిల్లలకీ ఇంతేనే, ఒక మెట్టెక్కితే పై మెట్టు ఇంకా ఇరుగ్గా ఉండేది" అన్నారు. మోడర్న్ ఆర్ట్ మనవాళ్ళకి ఎక్కదు అనేవాళ్ళకి నేను ఇదే చెప్తున్నా ఇప్పుడు. ఒక్క ముక్క నేపథ్యం చెప్పి వదిలేయండి, మిగతాది వాళ్ళే చూసుకుంటారు.

పిల్లలకి బయట శిల్పి రిచర్డ్ సెరా చేసిన వోర్టెక్స్ అనే శిల్పం ఉంది, 67 అడుగుల తుప్పురంగు స్టీలు రేకులు ఒకదానికొకటి ఆనుకుని మెలికపడి నిలబడ్డాయి, మధ్యలోకి నడిచి వెళ్ళొచ్చు. లోపల చప్పట్లు కొడితే వచ్చే ప్రతిధ్వనికి పిల్లలు ఒకపట్టాన బయటికి రాలేదు. చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళు లోపలికి తీసుకెళ్ళే ముందు వీళ్ళని ఇక్కడ అలిసిపోనివ్వండి, నిజంగా ఉపయోగపడుతుంది.

భోజనం విషయంలో కాస్త సర్దుకోవాలి. మ్యూజియంలలో ఎక్కువచోట్ల సొంత కిచెనో, వాళ్ళ లిస్టులోని కేటరర్లో ఉంటారు, మనకి తెలిసిన ఆంటీ చేత పులిహోర చేయించి ట్రేలు మోసుకెళ్తామంటే కుదరదు. ప్యూర్ వెజ్ వాళ్ళు, ఉల్లి వెల్లుల్లి తినని పెద్దవాళ్ళు ఉంటే నెలల ముందే కూర్చుని ఐటెం ఐటెం మాట్లాడుకోండి. మేం బంతి భోజనం కోరిక ఇంటి దగ్గర మధ్యాహ్నమే తీర్చేసుకున్నాం, సాయంత్రానికి తేలిక భోజనం సరిపోయింది.

ఇక నాలుగొందల మంది సంగతి. మన పెద్ద ఫంక్షన్‌లో మనుషులు విడతలు విడతలుగా వస్తారు, పిల్లలు పరిగెడతారు, స్టేజీ దగ్గర ఫోటోల క్యూ గంటలు నడుస్తుంది, రాత్రి ఎప్పటికో కదులుతాం. ఇక్కడ సెటప్ మూసేశాకే మొదలవ్వాలి, రాత్రికి రాత్రే అన్నీ ఎత్తేయాలి, టైం దాటితే ఒప్పుకోరు. ఫోటోగ్రాఫర్ ఫ్లాష్ వాడకూడదు, ఆర్ట్ వర్క్ ముందు జంటను నిలబెట్టి తీయాలంటే పర్మిషన్ అడగాలి, ఎందుకంటే చాలా వాటికి కాపీరైట్ ఇంకా ఆర్టిస్టుదే. ఇంత ఒద్దికగా జరిపించడం పెళ్ళి హడావిడిలో ఎవరివల్లా కాదు, బలవంతంగా చేస్తే మీకూ సుఖం లేదు వాళ్ళకీ లేదు. షష్టిపూర్తి డిన్నర్, పాతికేళ్ళ పెళ్ళిరోజు, పుస్తకావిష్కరణ, చిన్న నిశ్చితార్థం, వీటికి మాత్రం కళ్ళు మూసుకుని తీసుకోండి.

ఫ్రిస్కో, ప్లేనో వైపు నుంచి వచ్చేవాళ్ళకి డ్రైవ్ కొంచెం ఎక్కువే, సాయంత్రం ట్రాఫిక్ చూసుకుని టైం వేయండి. ఇండియా నుంచి వచ్చిన చుట్టాలుంటే పొద్దున్నే తీసుకొచ్చేయండి, ఎదురుగానే కింబెల్ మ్యూజియం, ఆర్కిటెక్ట్ లూయీ కాన్ కట్టింది, 1972లో తెరిచారు, అదీ చూసినట్టు ఉంటుంది. నెల ఎంచుకునేటప్పుడు జూలై, ఆగస్టు వద్దు, ఆ ఎండకి నీళ్ళ పక్కన అడుగు పెట్టలేరు, ఏప్రిల్, మే అంటే వడగళ్ళ వాన భయం. అక్టోబర్ చివర, నవంబర్ మొదట్లో దొరికితే పట్టుకోండి. సంతకం పెట్టే ముందు రేటులో ఏవేవి కలిపారో రాయించుకోండి, సెక్యూరిటీ, క్లీనింగ్, టేబుళ్ళు కుర్చీలు, ఈవెంట్ ఇన్సూరెన్స్, ఇవి విడిగా ఉంటే మొత్తం లెక్క మారిపోతుంది. ఒకసారి చీకటి పడే వేళకి వెళ్ళి లాబీ చూసొచ్చి, ఆ తర్వాత అడ్వాన్స్ కట్టండి.