రోత్మిస్త్రోవ్ జాడల్లో మాస్కో

మాస్కోలో ఈసారి మేం తిరిగినదంతా ఒక్క మనిషి కోసం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 జూలై 12న, కుర్స్క్ యుద్ధంలో భాగంగా ప్రొఖొరొవ్కా దగ్గర జర్మన్ల మీదికి సోవియట్ అయిదో గార్డ్స్ టాంకు సైన్యాన్ని నడిపిన పావెల్ రోత్మిస్త్రోవ్. గుండ్రటి కళ్లద్దాలు, మీసం, చూస్తే లెక్కల మాస్టారే.

మొదట విక్టరీ మ్యూజియం. పార్క్ పొబేది మెట్రోలో దిగాలి. ఆ ఎస్కలేటర్ ఎంతకీ తరగదు. లోపల కుర్స్క్ యుద్ధం డయోరమా ముందు చాలాసేపు నిలబడిపోయాం. మన కాళ్ల ముందు మట్టి, ఇనుప తుక్కు, వెనక గోడంతా మండుతున్న టాంకుల బొమ్మ. అయితే ప్రొఖొరొవ్కాలో ఆ రోజు జర్మన్లకంటే సోవియట్ టాంకులే చాలా ఎక్కువ పోయాయి. స్టాలిన్ మండిపడి, తన సన్నిహిత నేత మాలెన్కోవ్‌తో విచారణ వేయించాడు. డయోరమా చూస్తే ఆ సంగతి ఎవరికీ తట్టదు.

పైన హాల్ ఆఫ్ గ్లోరీలో పాలరాతి మీద 11,800కు పైగా వీరుల పేర్లున్నాయి. రోత్మిస్త్రోవ్‌కు ‘సోవియట్ యూనియన్ హీరో’ బిరుదు, దాంతోపాటు బంగారు నక్షత్రం వచ్చింది 1965 మే 7న, విజయానికి 20 ఏళ్లు నిండుతుండగా. అప్పటికే చీఫ్ మార్షల్, పైగా రక్షణ మంత్రికి సహాయకుడు. సైనిక విద్యాలయాల వ్యవహారాలు చూసేవాడు. యుద్ధభూమిలో రాని నక్షత్రం ఆఫీసు కుర్చీలో ఉండగా వచ్చిందన్నమాట!

కుబింకా టాంకు మ్యూజియం ఊరికి దూరం, పోనూ రానూ ఒక రోజు పడుతుంది. ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక్క మౌస్ (జర్మన్లు చేసిన భారీ టాంకు) అక్కడే ఉంది. పిల్లలుంటే తప్పక వెళ్లండి. రోత్మిస్త్రోవ్ కోసమే అయితే నొవొదేవిచీ శ్మశానం మేలు. స్పోర్తివ్‌నయా మెట్రో నుంచి నడిచి వెళ్లొచ్చు, టికెట్ లేదు. 1982లో ఆయన్ని అక్కడే ఖననం చేశారు. జనమంతా క్రుశ్చేవ్ సమాధి దగ్గరే మూగుతారు, ఈయన దగ్గర తోపులాట ఉండదు.

బస విషయంలో మాత్రం ఒళ్లు మండింది. వేసవిలో పైపుల మరమ్మతుకని మాస్కోలో వీధుల వారీగా కొన్ని రోజులు వేడినీళ్లు ఆపేస్తారు. మా హోటల్లో సొంత బాయిలర్ లేదు, బుక్ చేసినప్పుడు ఆ ముక్క చెప్పనూ లేదు. ముందే అడగండి. విదేశీయుల బసను నమోదు చేసే రిజిస్ట్రేషన్ కాగితం మాత్రం అడక్కుండానే ఇచ్చారు.

శాకాహారులకు స్తలోవయాలే (క్యాంటీన్లే) దిక్కు. సెల్ఫ్ సర్వీసు, చవక, ఉడికించిన గ్రేచ్కా (బక్‌వీట్ గింజలు), క్యాబేజీ దొరుకుతాయి. బోర్ష్ అనే బీట్‌రూట్ సూప్‌లో గొడ్డుమాంసం వేయడం మామూలే, అడక్కుండా ముట్టకండి. 2022 నుంచి మన బ్యాంకులిచ్చే వీసా, మాస్టర్ కార్డులు అక్కడ పనిచేయవు. డాలర్లు నోట్ల రూపంలోనే పట్టుకెళ్లండి, నలగనివి.