నాంపల్లి కోర్టుల దగ్గర అర్జీలు రాసిచ్చే షాపు - నా రివ్యూ

ఏదైనా ఆఫీసుకో స్కూలుకో బ్యాంకుకో పద్ధతిగా ఒక రిక్వెస్ట్ లెటర్ రాయించుకోవాలి, ఎలా మొదలుపెట్టాలో తెలీట్లేదు అనుకునేవాళ్లు ఇది చదవండి. గాంధీభవన్ మెట్రో దిగి నాంపల్లి కోర్టుల వైపు నడుస్తుంటే జిరాక్స్, నోటరీ, టైపింగ్ షాపులు కనబడతాయి కదా, వాటిల్లో ఒక చిన్న షాపు గురించి చెప్తున్నా. బోర్డు మీద పేరు దాదాపు చెరిగిపోయింది, లోపల ఒక పెద్దాయన, కంప్యూటర్ ముందు ఒక కుర్రాడు, అంతే. పెద్దాయన చెప్తుంటే కుర్రాడు టైప్ చేస్తాడు. తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ మూడిట్లోనూ రాసిస్తారు.

మా పని ఏంటంటే నాన్న పోయాక అమ్మకి రావాల్సిన ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోయింది, కారణం పీపీఓలో, అంటే పెన్షన్ పేమెంట్ ఆర్డర్‌లో, అమ్మ పేరు ఒకలా ఉంది, ఆధార్‌లో ఇంకోలా ఉంది. అన్నయ్య ఇంట్లోనే రెండు పేజీలు రాసి పెట్టాడు, నాన్న ఎంత నిజాయితీగా పనిచేశారు, అమ్మ ఆరోగ్యం ఎలా ఉంది, కౌంటర్లో ఎవరు ఏమన్నారు, అన్నీ. పెద్దాయన మొత్తం ఓపిగ్గా చదివారు, నాకు అక్కడే నచ్చేశారు అసలు. చదివి పక్కన పెట్టి "ఇదంతా నిజమేనమ్మా, కానీ ఇది చూసే క్లర్క్ టేబుల్ మీద ఇలాంటివి కట్టలు కట్టలు ఉంటాయి, మీకేం కావాలో ఆయనకి పైన నాలుగు లైన్లలో తెలియాలి" అని, అమ్మ వైపు తిరిగి "ఆఫీసర్ ఏం చేస్తే మీ పని అయిపోతుందో ఒక్క ముక్కలో చెప్పండమ్మా" అన్నారు. అమ్మ "నా పేరు సరిచేస్తే చాలండి" అంది. ఇక దాని మీదే లెటర్ మొత్తం నిలబెట్టారు.

ముందు ఎవరికి రాయాలో తేల్చారు. మేం ట్రెజరీకి రాద్దామనుకున్నాం, ఆయన పీపీఓ కాపీ చూసి "వీళ్లు డబ్బులు వేసేవాళ్లమ్మా, పేరు మార్చమని పైకి రాయాల్సింది నాన్నగారు రిటైరైన ఆఫీసు" అని చెప్పి ఆ ఆఫీసర్ హోదా పేరుతోనే అడ్రస్ వేయించారు, మనిషి పేరు వెయ్యలేదు. ఆ ఆఫీసర్ ట్రాన్స్‌ఫర్ అయిపోతే లెటర్ కొత్తాయన టేబుల్ మీద అనాథలా పడి ఉండకూడదు కదా.

తర్వాత విషయం లైన్. "విషయం: ఫ్యామిలీ పెన్షన్ - పీపీఓలో భార్య పేరు సవరణ - విజ్ఞప్తి - గురించి." కింద సూచిక అని పెట్టి పీపీఓ నంబరు, తేదీ. ఫైలు దొరకాలంటే ఆఫీసులో వెతికేది ఈ నంబరుతోనే, కథతో కాదు అన్నారు. ఇక అసలు మ్యాటర్ మూడు చిన్న పేరాలు. నేను ఫలానా వారి భార్యను, ఆయన ఫలానా తేదీన రిటైరై ఫలానా తేదీన మరణించారు. పీపీఓలో నా పేరు ఇలా ఉంది, ఆధార్‌లో, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇలా ఉంది, రెండు పేర్లూ నావే. "కావున పీపీఓలో నా పేరు సవరణకు తగిన ప్రతిపాదనలు పంపి, ఆ కాపీ ఒకటి నాకు ఇప్పించగలరని మనవి." అయిపోయింది! అమ్మకి వేరే ఆధారం లేదన్న సంగతి మాత్రం ఒక్క వాక్యంగా ఉంచారు, దానివల్ల తొందరగా చూస్తారని. కౌంటర్లో జరిగింది పూర్తిగా తీసేశారు, అది కంప్లైంటు, కావాలంటే వేరే కాగితం మీద వేరే రోజు రాద్దాం, అడిగేదీ తిట్టేదీ ఒకే కాగితంలో పెడితే రెండూ పోతాయి అన్నారు.

మర్యాద విషయంలో ఆయన పట్టుదల నాకు చాలా నచ్చింది. అన్నయ్య డ్రాఫ్టులో చివర తమరి పాదాలకు నమస్కరించి, ఈ అభాగ్యురాలిని కరుణించి అని ఉంది. ఆయన గట్టిగా వద్దన్నారు. అమ్మ అడుగుతున్నది నాన్న ముప్పై ఏళ్ల సర్వీసు మీద వచ్చే హక్కు, దానికి కాళ్లు పట్టుకోనక్కర్లేదు, గౌరవంగా మనవి చేసుకుంటే చాలు, కింద భవదీయురాలు అని సంతకం. ఆ మాట విన్నాక అమ్మ కొంచెం సర్దుకుని కూర్చుంది. అలాగని దబాయింపు కూడా ఉండదు ఆయన లెటర్లో, వారం లోపు చెయ్యకపోతే కోర్టుకెళ్తాం లాంటివి రాయమన్నా రాయరు.

చివర జతపరచినవి అని పెట్టి వరసగా నంబర్లు వేయించారు: పీపీఓ కాపీ, నాన్న డెత్ సర్టిఫికెట్, అమ్మ ఆధార్, పాస్‌బుక్ మొదటి పేజీ, రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ చేయించిన అఫిడవిట్. ప్రతి జిరాక్స్ మీద పైన మూలకి అదే నంబరు పెన్నుతో వేశారు. క్లర్క్ టిక్కులు పెట్టుకుంటూ పోవడమే, ఇది లేదు అది లేదు అని వెనక్కి పంపే అవకాశమే ఉండదు. మొబైల్ నంబరు సంతకం కింద కాకుండా పైన అడ్రస్‌తో పాటు పెట్టించారు, సందేహమొస్తే ఫోన్ చెయ్యడానికి ఈజీగా కనబడాలని. నిజంగానే తర్వాత ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, అఫిడవిట్ ఒరిజినల్ చూపించమన్నారు, చూపించాం, ప్రతిపాదన పైకి వెళ్లింది, దాని కాపీ కూడా ఇచ్చారు.

రెండు కాపీలు ఇస్తారు. ఒకటి ఇన్‌వర్డ్ సెక్షన్లో, అంటే ఆఫీసుకొచ్చే లెటర్లు తీసుకునే చోట, ఇచ్చి రెండోదాని మీద స్టాంపు, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని గానీ అక్కడి నుంచి కదలొద్దని మరీ మరీ చెప్పారు. వెళ్లలేనివాళ్లు స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఆ కాపీకే పిన్ చేసుకోవాలి. ఎన్నాళ్లకీ జవాబు రాకపోతే ఆ నంబరూ తేదీ సూచికలో వేసి ఇంకో చిన్న లెటర్, అప్పటికీ కదలకపోతే ఆర్టీఐ. నా దరఖాస్తు ఇప్పుడు ఎవరి దగ్గరుంది, ఏ తేదీన ఏం చర్య తీసుకున్నారు అని సమాచార హక్కు చట్టం 2005 సెక్షన్ 6(1) కింద అడగొచ్చు, ఫీజు పది రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. మనవి లెటర్లో మన కారణం చెప్పుకోవాలి గానీ ఆర్టీఐలో ఎందుకడుగుతున్నావో చెప్పనక్కర్లేదు, సెక్షన్ 6(2)లోనే ఉంది, జనం అక్కడ కూడా కథ రాస్తారమ్మా అన్నారు. మాకు అంతదాకా అవసరం పడలేదు.

మేం ఉండగానే ఒక డిగ్రీ అబ్బాయి ఫీజుకి టైమ్ ఇవ్వమని ప్రిన్సిపాల్‌కి లెటర్ కోసం వచ్చాడు. "కొంచెం గడువు ఇవ్వగలరు అని రాస్తే ఎంత అని రాసుకుంటారు బాబూ, ఏ తేదీకి కడతావో నువ్వే చెప్పు" అని అతనితో డేట్ చెప్పించి, సగం ఇప్పుడు సగం అప్పుడు అని రాయించారు. ఆ పిల్లాడి దగ్గర టైపింగ్ డబ్బులు మాత్రమే తీసుకున్నారు.

మా దగ్గర డ్రాఫ్టింగ్, టైపింగ్, రెండు ప్రింట్లు కలిపి రెండొందలు తీసుకున్నారు. ఉత్త టైపింగ్ షాపులతో పోలిస్తే ఎక్కువే, కానీ వాళ్లు మనం ఏది ఇస్తే అది కొట్టిస్తారు, ఎవరికి రాయాలి, ఏం తీసేయాలి అని ఆలోచించేవాళ్లు దొరకరు. అందుకే ఇచ్చిన ప్రతి రూపాయీ వర్త్ అంటాను.

ఇబ్బందులు కూడా చెప్పాలి. షాపులో కూర్చోడానికి ఉన్నది ఒకటే స్టూలు, పెద్దవాళ్లని తీసుకెళ్తే వాళ్లని కూర్చోబెట్టి మీరు బయట నిలబడాల్సిందే. కోర్టు టైమ్‌లో పొద్దున రష్ ఎక్కువ, లంచ్ తర్వాత వెళ్తే తీరిగ్గా మాట్లాడతారు. తెలుగు టైపింగ్ యూనికోడ్ కాదు, పాత డీటీపీ ఫాంటు, వర్డ్ ఫైలు వాట్సాప్‌లో పంపించుకుంటే ఫోన్‌లో పిచ్చి గీతలు కనబడతాయి, పీడీఎఫ్ అడిగి తీసుకోండి. పేర్ల స్పెల్లింగులు, నంబర్లు ప్రింట్ తీసేముందు స్క్రీన్ మీదే మీరు కూడా ఒకసారి చదవండి, ఆయనే చదవమంటారు. వెళ్లేటప్పుడు ఒరిజినల్స్ అన్నీ పట్టుకెళ్లండి, నంబర్లు నోటితో చెప్తే ఆయన రాయించరు, కాగితం చూసే రాయిస్తారు.