ఓడిపోయే జట్టుకు మేనేజరుగా కూర్చుంటే: ‘ఔట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్ 26’ సమీక్ష

చికాగో వైట్ సాక్స్ 2024లో ఆడిన 162 మ్యాచ్‌లలో 121 ఓడిపోయింది. 1900 తర్వాతి అమెరికన్ మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక్క సీజన్‌లో అన్ని ఓటములు మూటగట్టుకున్న జట్టు మరొకటి లేదు. అంతవరకు ఆ అపకీర్తి 120 మ్యాచ్‌లు ఓడిన 1962 నాటి న్యూయార్క్ మెట్స్‌ది. ఇలాంటి జట్టును పట్టుకుని వేలాడే అభిమానులకు కొంతకాలానికి మ్యాచ్ కంటే మ్యాచ్ తర్వాతి వాదనే రుచిస్తుంది. ఎవరిని అమ్మాలి, ఎవరిని కింది స్థాయి మైనర్ లీగ్ నుంచి పైకి తేవాలి, యజమాని సంచి ఎంత విప్పాలి అని గంటల తరబడి తేల్చుకుంటాము. ఆ వాదనలోని సుఖమంతా ఎవరూ తమ మాటకు పూచీ పడనక్కరలేకపోవడంలోనే ఉంది. ‘ఔట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్’ అనే కంప్యూటర్ ఆట ఆ సుఖాన్ని మన దగ్గరి నుంచి లాగేసుకుంటుంది. దాన్ని కొనమని నేను చెప్పడానికి అదే కారణం.

మార్కస్ హైన్‌సోన్ అనే జర్మన్ ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఈ ఆట తొలిసారి 1999లో వచ్చింది. ఏటా సీజన్‌కు ముందు కొత్త ఎడిషన్ విడుదలవుతుంది. నేను మాట్లాడుతున్నది 2025 వసంతంలో వచ్చిన 26వ ఎడిషన్ గురించి. ఇందులో బ్యాటు పట్టి బంతిని కొట్టే పని లేదు. మైదానాన్ని, ఆటగాళ్లను త్రీడీ బొమ్మల్లో చూపిస్తుంది గానీ ఆ బొమ్మల కోసం ఎవరూ దీన్ని కొనరు. తెర నిండా పట్టికలు, అంకెలు, ఒప్పందాలు, ఆటగాళ్ల ప్రతిభను అంచనా కట్టే స్కౌట్‌ల నివేదికలు ఉంటాయి. ఆటగాళ్లను తెచ్చే జనరల్ మేనేజరుగానో, మ్యాచ్ నడిపే ఫీల్డ్ మేనేజరుగానో, రెండూ మీరేగానో కూర్చుని జట్టును నడపాలి. 1871 నుంచి ఏ సీజన్‌నైనా ఎంచుకుని మొదలుపెట్టవచ్చు కాబట్టి మేజర్ లీగ్ విజేతను తేల్చే వరల్డ్ సిరీస్‌ను వైట్ సాక్స్ గెలిచిన 2005కి వెళ్లి సేదతీరవచ్చు కూడా. నేను మాత్రం సేదతీరడానికి కొనలేదు. పందెం తేల్చుకోవడానికి కొన్నాను.

నా మిత్రుడొకడు, అతడూ ఇదే జట్టు బాధితుడు, విలువున్న ప్రతి ఆటగాడినీ అమ్మి కుర్రవాళ్లను తెచ్చుకోవాలని మొదటి నుంచీ వాదిస్తున్నాడు. నా వాదన వేరు. చికాగో లాంటి మహానగరంలో ఆడే జట్టు బీదరుపులు అరవడమే అసలు రోగమని, 1981 నుంచి యజమానిగా ఉన్న జెర్రీ రైన్స్‌డార్ఫ్ డబ్బు తీస్తే సగం జబ్బు నయమవుతుందని నేను అనేవాణ్ని. 2025 తొలి మ్యాచ్ నాటి జట్టును తీసుకుని ఒకరి సిద్ధాంతాన్ని మరొకరు నడిపి చూడాలని ఒప్పందం చేసుకున్నాము.

మొదటి దెబ్బ రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) నియమాల దగ్గరే తగిలింది. ఆడే జట్టులో 26 మంది, వారితో కలిపి రిజర్వ్ జాబితాలో 40 మంది, ఆ 26లో బంతి విసిరే పిచ్చర్లు 13 మందికి మించరాదు అనే లెక్కలు అభిమానులందరికీ తెలిసినవే. కానీ తెలియడం వేరు, ఆ కుర్చీలో కూర్చుని కుర్రవాణ్ని పైకి పిలవాలని మీట నొక్కినప్పుడు ‘నలభైలో ఖాళీ లేదు, ముందు ఒకరిని తీసేయండి’ అని తెర చెప్పడం వేరు. తీసేసిన ఆటగాడు వేవర్స్‌కు, అంటే మిగతా జట్లు కోరుకోగల జాబితాకు, వెళతాడు. అక్కడ మిగతా 29 జట్లలో ఎవరైనా బదులుగా ఆటగాణ్ని ఇవ్వకుండానే అతణ్ని తన్నుకుపోవచ్చు. ఆప్షన్లు (వేవర్స్ లేకుండా కిందికి పంపే వీలు) మిగిలి ఉన్నవాణ్ని నిశ్చింతగా మైనర్ లీగ్‌కు పంపవచ్చు; మూడేళ్ల ఆప్షన్లు అయిపోయినవాణ్ని పంపాలంటే పోగొట్టుకునే ధైర్యం ఉండాలి. ‘వాడిని ఇంకా ఎందుకు ఉంచుకున్నారు’ అని మేము ఏళ్ల తరబడి తిట్టుకున్న సగటు ఆటగాళ్లలో సగం మంది ఎందుకు ఉన్నారో నాకు రెండు సాయంత్రాల్లో బోధపడింది. వారు పోతే ఆ చోటు నింపడానికి పనికొచ్చేవాడు కింద లేడు, అంతే.

పిచ్చర్ విసిరిన బంతిని అందుకునే క్యాచర్ల వ్యవహారం ఇంకా బాగుంటుంది. 2023లో ఏంజెల్స్ జట్టుతో జరిగిన ట్రేడ్‌లో (ఆటగాళ్ల మార్పిడి) ఎడ్గర్ క్వేరో వచ్చాడు. 2024 డిసెంబరులో పిచ్చర్ గారెట్ క్రోషేను బోస్టన్‌కు ఇచ్చినప్పుడు వచ్చిన నలుగురిలో కైల్ టీల్ ఒకడు. ఇద్దరూ యువకులే, ఇద్దరూ క్యాచర్లే, ఇద్దరినీ ఆడించాలని అభిమానుల కోరిక. ఆటలో ఇద్దరినీ ఒకేసారి పైకి తెచ్చి వంతులవారీగా ఆడిస్తే ఇద్దరికీ చాలినంత బ్యాటింగ్ దొరకదు. ఒకణ్ని కిందే ఉంచితే అక్కడ రోజూ ఆడతాడు గానీ పై స్థాయి పిచ్చింగ్ రుచి తెలియదు. వీటిలో ఏది మేలో ఆట చెప్పదు. ఏది ఎంచుకున్నా ఆటగాడి ఎదుగుదలలోను, అలకలోను దాని ఫలితం మెల్లగా కనిపిస్తుంది. ఆటగాళ్లకు స్వభావాలున్నాయి, బెంచి మీద కూర్చోబెడితే ముఖం మాడ్చుకుంటారు, క్లబ్‌హౌస్ వాతావరణం చెడితే అది మిగతావారికీ అంటుకుంటుంది.

నేను నడిపిన మిత్రుడి సిద్ధాంతానికి వస్తే, అమ్మకం నేననుకున్నంత సులువుగా లేదు. అసలు మీమాంస లూయిస్ రాబర్ట్ జూనియర్‌ది. 2023లో 38 హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్ లాంటివి) కొట్టిన అతడు గాయాలతో 2024లో 14 దగ్గర ఆగిపోయాడు. అప్పుడే అమ్మేయాల్సిందని సగం మంది, చౌకగా ఇచ్చేయకూడదని సగం మంది ఈనాటికీ కొట్టుకుంటారు. జట్టు మాత్రం 2025 జూలై 31 ట్రేడ్ గడువును కూడా అతడిని అట్టే పెట్టుకునే దాటింది. ఆటలో నేను ప్రతిసారీ అమ్మబోయాను. గాయాల చరిత్ర ఉన్నవాడికి, 2026కు 20 మిలియన్ డాలర్లతో జట్టు ఒప్పందాన్ని పొడిగించుకోగల ఆప్షన్ మెడకు వేలాడుతున్నవాడికి ఎదుటి జట్లు ఇవ్వజూపింది చూశాక, నిజ జీవితంలోని జనరల్ మేనేజర్ క్రిస్ గెట్జ్ మీద నేను విసిరిన మాటల్లో కొన్నింటిని వెనక్కి తీసుకున్నాను. అన్నింటినీ కాదు.

మిత్రుడు నడిపిన నా సిద్ధాంతానికీ పెద్దగా మర్యాద దక్కలేదు. వైట్ సాక్స్ చరిత్రలో ఒక ఫ్రీ ఏజెంట్‌కు (ఏ జట్టుతోనూ ఒప్పందం లేని ఆటగాడికి) ఇచ్చిన అతి పెద్ద ఒప్పందం ఆండ్రూ బెనింటెండీకి అయిదేళ్లకు ఇచ్చిన 75 మిలియన్ డాలర్లు. ఈ కాలపు ధరలకు అది సిగ్గుపడాల్సిన అంకె అని నేను ఇప్పటికీ అంటాను. అయితే ఆటలో బడ్జెట్‌ను నిర్ణయించేది యజమాని. అభిమానుల ఆసక్తి పడిపోతే టిక్కెట్ల ఆదాయం పడిపోతుంది, ఆదాయం పడితే మరుసటి ఏటి బడ్జెట్ కుదించుకుపోతుంది. పైగా వంద ఓటముల జట్టులోకి రావడానికి మంచి ఆటగాడు పక్కవాడికంటే ఎక్కువ అడుగుతాడు. మావాడు విచ్చలవిడిగా ఖర్చుపెట్టి ముప్పై దాటిన ఇద్దరిని తెచ్చాడు. రెండో ఏడాదికి వారి ఆట జారింది, ఒప్పందాలు మిగిలాయి. ఓడిపోతే కొత్త కుర్రవాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మంచి ఎంపిక వస్తుందిలే అనే ఓదార్పు కూడా నిజంలో నిలవలేదని ఇక్కడ గుర్తుచేయాలి. 121 ఓటముల తర్వాత వైట్ సాక్స్‌కు 2025 డ్రాఫ్ట్‌లో దక్కింది పదో స్థానం. ఆదాయ పంపిణీకి చెల్లించే పెద్ద మార్కెట్ జట్టు వరుసగా రెండేళ్లు మొదటి ఎంపికలను తేల్చే లాటరీలో ఉండకూడదన్న నియమం అడ్డువచ్చింది.

ఇక కుర్రవాళ్ల భవిష్యత్తు. ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చింది, అన్నిటికంటే అనుమానం కలిగించింది ఇదే. ప్రతి ఆటగాడికీ ఇప్పటి సామర్థ్యం, చేరుకోగల సామర్థ్యం అని రెండు అంచనాలుంటాయి. నిజమైన స్కౌట్‌లు వాడే 20 నుంచి 80 కొలమానంలోనే వాటిని చూడవచ్చు. అవి మీ స్కౌట్ కంటికి కనబడిన అంకెలే తప్ప సత్యం కాదు. వేరే స్కౌట్‌ను పెట్టుకుంటే అదే కుర్రవాడు వేరేలా కనిపిస్తాడు. ఇంతవరకు అద్భుతమే. అయితే అంచనా ఎంత మసకగా ఉన్నా అంకె అంకెలాగే కనిపిస్తుంది కాబట్టి మనం దాన్ని జాతకంలా నమ్మేస్తాము, 55 ఉన్నవాణ్ని 50 ఉన్నవాడికంటే ఖాయంగా మేలనుకుంటాము. వైట్ సాక్స్ కుర్రవాడు కోల్సన్ మాంట్‌గోమెరీ 2025 ఏప్రిల్‌లో మైనర్ లీగ్ పై మెట్టయిన ట్రిపుల్ ఎ స్థాయిలో ఎంత తడబడ్డాడంటే, స్వింగ్ సరిదిద్దుకోవడానికి జట్టు అతణ్ని అరిజోనా శిక్షణ కేంద్రానికి పంపింది. జూలైలో పైకి పిలిచాక 71 మ్యాచ్‌లలో 21 హోమ్ రన్లు కొట్టాడు. పిచ్చర్ షేన్ స్మిత్‌ను మిల్వాకీ జట్టు తన నలభైలో పెట్టుకోలేదు. అలా మిగిలినవారిని వేరే జట్లు తీసుకోగల రూల్ 5 డ్రాఫ్ట్‌లో 2024 డిసెంబరులో వైట్ సాక్స్ తీసుకుంది, ఏడాది తిరగకుండానే ఆల్ స్టార్ అయ్యాడు. ఇలాంటి మలుపులకు ఆటలో చోటుంది. ఆటగాళ్ల ప్రతిభ ఎంత అనూహ్యంగా మారాలో నిర్ణయించే సెట్టింగ్‌ను పెంచితే ఇంకా ఎక్కువ వస్తాయి. కానీ స్వింగ్‌లో ఏం సరిచేశారన్న కథ లేకుండా అంకె పెరిగిందన్న వార్త మాత్రమే వస్తుంది. అభిమానికి కావలసింది ఆ కథే కదా.

లోపాలలో పెద్దది నేర్చుకోవడానికి పట్టే కాలం. మెనూల లోపల మెనూలు, వాటిలో మరికొన్ని ఉంటాయి. బేస్‌బాల్ బాగా తెలిసినవాడికే వారం పడుతుంది, క్రికెట్ మీదుగా ఈ ఆటకు వచ్చి ఇంకా ఇన్‌ఫీల్డ్ ఫ్లై నియమం దగ్గరే తలగోక్కుంటున్నవారు దీన్ని ఇప్పుడే ముట్టుకోకపోవడం మంచిది. ట్రేడ్‌లలో కంప్యూటర్ జట్లు కొన్నిసార్లు నలుగురు సగటు ఆటగాళ్లను చూసి ఒక మంచి ఆటగాణ్ని వదులుకుంటాయి. ఆ కిటుకును పట్టేసిన తర్వాత గెలవడం తేలిక, ఆడటం దండగ. కార్డుల ప్యాకెట్లు కొని జట్టు కట్టే ‘పర్ఫెక్ట్ టీమ్’ అనే విభాగం కూడా ఉంది. మన జట్టు ఏమవుతుందన్న బెంగతో వచ్చినవారికి దానితో పని లేదు, డబ్బు మాత్రం తినగలదు.

ఇక మేనేజరు ప్రభావం. వైట్ సాక్స్ 2024లో వరుసగా 21 మ్యాచ్‌లు ఓడిన తర్వాత మేనేజరు పెడ్రో గ్రిఫోల్‌ను తీసేశారు. ఆ రోజుల్లో డగౌట్‌లో (మైదానం పక్కన జట్టు కూర్చునే చోటు) ఆటగాళ్ల ముఖాలను చూసినవారికి అది అంకెలలో ఇమిడే సంగతి కాదని తెలుసు. ఆటలో వరుస ఓటములు వస్తాయి, వాటికి బరువు రాదు.

కొనాలనుకునేవారికి నేను చెప్పేది ఇది. ట్రేడ్ కష్టస్థాయిని ‘చాలా కష్టం’ దగ్గర పెట్టండి, స్కౌటింగ్‌ను ఆపేయకండి, యజమాని మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేసే వీలును తప్పక ఉంచండి. ఈ మూడూ లేకపోతే ఇది మన కోరికలకు తలూపే బొమ్మ అవుతుంది. ఏటా కొత్త ఎడిషన్ కొనవలసిన అవసరం చాలామందికి ఉండదు. ఆటగాళ్ల తాజా జాబితా ముఖ్యం కాకపోతే సీజన్ సగం దాటాక తగ్గింపు ధరకు దొరికినప్పుడు తీసుకోవచ్చు. విండోస్, మ్యాక్ రెండింటి మీదా నడుస్తుంది, పాత కంప్యూటర్‌ను పెద్దగా ఇబ్బంది పెట్టదు.

మా పందెం తేలలేదు. మిత్రుడి పద్ధతిని నేను అయిదుసార్లు నడిపితే రెండుసార్లు జట్టు బాగుపడింది, మూడుసార్లు పడలేదు. నా పద్ధతిని నడిపిన అతణ్ని రెండో ప్రయత్నంలోనే యజమాని సాగనంపాడు. అది నా సిద్ధాంతం తప్పా, అతడి నిర్వహణ తప్పా అన్నది ప్రస్తుతం మా మధ్య నడుస్తున్న వాదన.